పీసీఓఎస్ ఉన్నవాళ్ళు నెల తప్పగానే ఏ మందు ఆపాలి, ఏది ఆపకూడదు

పీసీఓఎస్‌కి (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదలకాక నెలసరి క్రమం తప్పే సమస్య) మందులు వాడుతూ నెల తప్పినవాళ్ళ ఇళ్ళల్లో సాధారణంగా రెండిట్లో ఒకటి జరుగుతుంది. "కడుపుతో ఉన్నదానికి ఇన్ని బిళ్ళలేంటి" అని పెద్దవాళ్ళు అన్నీ మాన్పించేస్తారు. లేదంటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు వచ్చేదాకా పాతవన్నీ అలాగే మింగుతూ ఉంటారు. రెండూ ప్రమాదమే. ఆ మందుల్లో కొన్ని ఆ రోజే ఆపాలి, కొన్ని ఒక్కరోజు కూడా ఆపకూడదు.

నేను కోనసీమలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే ఫార్మసిస్టుని. మీకు ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ గైనకాలజిస్టే చెప్పాలి. ఆవిడ దగ్గరికి వెళ్ళేలోపు మీరు చేయాల్సినవి, వెళ్ళాక అడగాల్సినవి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా గర్భస్రావం అవుతాయి. ఎక్కువభాగం మొదటి 12 వారాల్లోనే. అందులో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల లోపం వల్ల పోతాయి, దానికి ఎవరూ చేయగలిగింది ఏమీ లేదు. పీసీఓఎస్ ఉంటే ఈ ముప్పు మామూలు కంటే కొంత ఎక్కువన్నది నిజమే. అయినా పీసీఓఎస్ ఉండి గర్భం దాల్చినవాళ్ళలో ఎక్కువమంది బిడ్డని ఎత్తుకుంటున్నారు. గతంలో ఒకసారి పోయి ఉంటే అది మీరు బస్సెక్కినందుకో, బిందె ఎత్తినందుకో, బొప్పాయి ముక్క తిన్నందుకో పోలేదు. ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే ఈ పేరా చదివి వినిపించండి.

నెలసరి రప్పించే మాత్ర వేసుకునే ముందు

పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి నలభై, అరవై రోజులైనా నెలసరి రాకపోవడం మామూలే. అందుకే నెల తప్పినా అనుమానం రాదు. "ఎప్పట్లాగే ఆలస్యమైందండి" అంటూ డెవిరీయో, రెజెస్ట్రోనో అడుగుతారు. పాత చీటీ చూపిస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. నేను అడిగే మొదటి ప్రశ్న "పరీక్ష చేసుకున్నారా?" అని. కొందరు నొచ్చుకుంటారు. అయినా అడుగుతాను. రెజెస్ట్రోన్‌లో ఉండే నోరెథిస్టెరోన్ లాంటివి గర్భంలో వాడదగినవి కావు.

కాబట్టి నెలసరి రప్పించే మాత్ర ఏదైనా సరే, ముందు మూత్ర పరీక్ష చేసుకోండి. ఆశ కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది. పొద్దున్నే మొదటి మూత్రంతో చేసుకోండి. గీత రాకపోతే వారం ఆగి మళ్ళీ చేయండి. మీకు అండం ఆలస్యంగా విడుదలై ఉండొచ్చు గనక ఒక్క నెగెటివ్‌ని నమ్ముకోవద్దు. పిల్లల కోసం లెట్రోజోల్ వాడుతున్నవాళ్ళకీ ఇదే నియమం, కొత్త కోర్సు మొదలుపెట్టే ప్రతిసారీ పరీక్ష చేసుకోవాల్సిందే. ఈ మందుని సంతానం కోసం వాడకూడదని మన దేశంలో 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పీసీఓఎస్‌కి మొదటి ఎంపిక ఇదే. పాత వార్త పట్టుకుని భయపడకండి.

మందుల చిట్టా రాయండి

రెండు గీతలు వచ్చిన రోజే ఈ పని చేయండి. ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పరవండి. చర్మానికి రాసేవి, జుట్టు రాలకుండా వాడేవి, తలనొప్పికి వేసుకునేవి, ఆయుర్వేదం పొడులు, ఆన్‌లైన్‌లో తెప్పించిన సాచెట్లు, అన్నీ. ఒక్కోదాని పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్ని, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు అన్నది కాగితం మీద రాయండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కత్తిరించిన స్ట్రిప్ ముక్క తెచ్చి "ఇదేంటండి" అని అడుగుతారు. ఆ ముక్క మీద ఒకవైపు "ఎస్‌ఆర్ 500" అని సగం అక్షరాలు, ఇంకోవైపు బ్యాచ్ నంబరు తోక మిగిలి ఉంటాయి. 500 ఉన్నంత మాత్రాన అది మెట్‌ఫార్మిన్ అని నేను చెప్పలేను. తెల్ల బిళ్ళలన్నీ ఒకేలా ఉంటాయి. స్ట్రిప్ చింపేటప్పుడు పేరున్న వైపు చివరిదాకా మిగుల్చుకోండి. లేదా కొన్నరోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పేరు తెలియని ముక్కని కొన్న షాపుకే తీసుకెళ్ళండి, బిల్లు బట్టి చెబుతారు.

ఆ రోజే పక్కన పెట్టాల్సినవి

మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే వెంటనే ఆపి ఆ రోజో మర్నాడో డాక్టర్ని కలవండి. బిడ్డకి తీవ్రమైన లోపాలు తెచ్చే మందు అది. నిజానికి గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందే మానాలి. అవాంఛిత రోమాలకి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ (ఆల్డాక్టోన్ అన్న పేరుతో దొరుకుతుంది), ఫినాస్టెరైడ్ కూడా ఆపాలి. ఇవి పురుష హార్మోన్ పనిని అడ్డుకుంటాయి, కడుపులో ఉన్నది మగబిడ్డైతే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. డయానె-35 లాంటి గర్భనిరోధక మాత్రలు కూడా ఆపేయండి. తెలియక కొన్ని రోజులు వేసుకున్నామని ఈ మాత్రల గురించి నిద్ర మానుకోవద్దు. పొరపాటున వేసుకున్న గర్భనిరోధక మాత్రల వల్ల బిడ్డకి హాని జరిగినట్టు ఆధారాలు లేవు. ఎన్ని రోజులు వేసుకున్నారో చిట్టాలో రాస్తే చాలు.

కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లు సాధారణంగా ఆపుతారు. బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్ వాడేవాళ్ళు గర్భం కోసం ప్రయత్నించడానికి రెండు నెలల ముందే మానాలి. మానకుండా నెల తప్పితే ఆపి డాక్టరుకి చెప్పండి.

బీపీ మాత్రల్లో పేరు చివర "ప్రిల్" అని గాని "సార్టాన్" అని గాని ఉంటే (ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి) గర్భంలో పనికిరావు. కానీ బీపీ మందు మీ అంతట మీరు మానేసి కూర్చోకండి. ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేసి బదులు మందు రాయించుకోండి. మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళకీ ఇదే మాట. అది బిడ్డకి చేటు చేసే మందే. అయినా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకీ అంతకంటే ముప్పు.

నాటువైద్యుల పసర్లు, భస్మాలు పూర్తిగా ఆపండి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. ఒంటినొప్పులకి మన దగ్గర టీ తాగినంత తేలిగ్గా వేసుకునే డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వద్దు. 20 వారాలు దాటాక మరీ వద్దు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది.

ఆపకూడనివి

థైరాయిడ్ మాత్ర. థైరోనార్మ్ అనండి, ఎల్ట్రాక్సిన్ అనండి, ఒక్క పూట కూడా మానవద్దు. బిడ్డకి సొంత థైరాయిడ్ పని మొదలయ్యేదాకా మీ హార్మోనే ఆధారం. పైగా గర్భం వచ్చాక సాధారణంగా మోతాదు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది. అందుకే గీతలు కనబడిన వారంలోనే టీఎస్‌హెచ్ పరీక్ష అడగండి. పరగడుపున వేసుకోవాలి, ఐరన్‌కీ కాల్షియంకీ దీనికీ మధ్య 4 గంటలు తేడా ఉండాలి. మూడూ కలిపి పొద్దున్నే మింగేసి "థైరాయిడ్ తగ్గట్లేదండి" అనేవాళ్ళు మా షాపుకి రోజూ వస్తారు.

షుగరు ఉన్నవాళ్ళు దాని మందు ఆపకూడదు. మొదటి వారాల్లో షుగరు ఎక్కువగా ఉండటమే గర్భస్రావానికీ, బిడ్డ లోపాలకీ దారి తీస్తుంది. డాక్టరు మాత్రల నుంచి ఇన్సులిన్‌కి మారిస్తే "అంత ముదిరిందా" అని హడలిపోకండి. ఇన్సులిన్ బిడ్డకి చేరదు, అందుకే అది ఎంచుకుంటారు.

ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందునుంచే వేసుకోవాలి. మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. షుగరు ఉన్నవాళ్ళకి, బరువు బాగా ఎక్కువున్నవాళ్ళకి 5 మిల్లీగ్రాములు రాస్తారు. నాలుగో నెల నుంచి ఏఎన్‌ఎం ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలు, కాల్షియం మాత్రలు కనీసం 180 రోజులు వాడండి. అవి ఉచితంగా ఇస్తారని చులకన చేయకండి.

ఇక మెట్‌ఫార్మిన్ సంగతి

అందరూ అడిగేది దీని గురించే. గ్లైకోమెట్ (షుగరుకీ, పీసీఓఎస్‌కీ ఇచ్చే మెట్‌ఫార్మిన్) స్ట్రిప్ చేతిలో పట్టుకుని అత్తగారు ఒక మాట, తోటికోడలు ఒక మాట, ఫోన్‌లో వీడియో ఇంకో మాట.

తెలిసినంతవరకు చెబుతాను. ఈ మందు మాయని (ప్లాసెంటాని) దాటి బిడ్డకి చేరుతుంది. దీనివల్ల పుట్టుక లోపాలు పెరిగినట్టు మాత్రం కనబడలేదు. కాబట్టి తెలియక రెండు నెలలు వేసుకున్నా కంగారు పడక్కర్లేదు. అలాగని ఇది కడుపు నిలబెట్టే మాత్ర అని నమ్మి, చీటీ లేకుండా తొమ్మిది నెలలూ కొనుక్కుని మింగడం కూడా సరికాదు. నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్‌లలో పీసీఓఎస్ ఉన్న గర్భిణులకి మొదటి మూడు నెలల్లో మొదలుపెట్టి కాన్పు దాకా ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. గర్భంలో వచ్చే షుగరు దీనితో ఆగలేదు. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా షుగరునీ, బీపీనీ ఇది ఆపుతుందని రుజువు కాలేదనే చెబుతున్నాయి. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం తగ్గించడానికి కొందరిలో ఆలోచించవచ్చని మాత్రం అన్నాయి.

అందుకే డాక్టరుని సూటిగా అడగండి: "నాకు ఇది షుగరు కోసమా, పీసీఓఎస్ కోసమా? కొనసాగిస్తే ఏ వారం దాకా?" షుగరు కోసమైతే ఆపకూడదు. పీసీఓఎస్ కోసమే అయితే ఆపినా, 12 వారాల దాకా కొనసాగించినా అది మిమ్మల్ని చూసి డాక్టరు తీసుకునే నిర్ణయం. మీ స్నేహితురాలికి కొనసాగించి మీకు ఆపేశారంటే ఎవరో ఒకరు తప్పు చేశారని అర్థం కాదు.

స్కానింగు: తేదీ దగ్గర మోసపోకండి

ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

గర్భం వయసుని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఆ లెక్క 28 రోజులకోసారి నెలసరి వచ్చి, 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలయ్యేవాళ్ళకి తయారైంది. మీది 45 రోజుల చక్రం అనుకుందాం. చివరి నెలసరి జూన్ 1న వచ్చింది. మీకు అండం విడుదలైంది జూన్ 14న కాదు, జూలై 1 ప్రాంతంలో. జూలై 27న స్కానింగుకి వెళ్ళారు. తేదీ లెక్కన సరిగ్గా 8 వారాలు, గుండె కొట్టుకోవడం కనబడాలి. అసలు వయసు చూస్తే 5 వారాల 5 రోజులే. ఆ వయసులో తిత్తి (పిండం చుట్టూ ఉండే సంచి) మాత్రమే కనబడి, గుండె కనబడకపోవడం మామూలు విషయం. కానీ రిపోర్టులో "హార్ట్ బీట్ లేదు" అని రాస్తారు, ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, ఎవరో ఒకరు "ఎదగలేదు, తీయించేసుకోండి" అంటారు.

ఒక్క స్కాన్‌తో ఆ నిర్ణయానికి రాకండి. కింద నుంచి చేసే స్కానింగులో పిండం పొడవు 7 మిల్లీమీటర్లో అంతకు మించో ఉండి గుండె లేకపోతేనో, తిత్తి సగటు కొలత 25 మిల్లీమీటర్లో అంతకు మించో ఉండి లోపల పిండం లేకపోతేనో గర్భం ఆగిపోయిందని తేలుస్తారు. అంతకంటే చిన్నగా ఉంటే 7 నుంచి 14 రోజులు ఆగి మళ్ళీ చూడాలి. రిపోర్టులో ఈ కొలతలు ఉంటాయి. "డాక్టరుగారూ, నాకు నెలసరి ఆలస్యంగా వస్తుంది, అండం ఎప్పుడు విడుదలైందో తెలియదు. వారం పది రోజులు ఆగి మళ్ళీ చూద్దామా?" అని అడగండి. రక్తస్రావం, తీవ్రమైన నొప్పి, జ్వరం లేకపోతే ఆగడం వల్ల నష్టం లేదు. మందుల షాపులో అడిగి కొనుక్కునే అబార్షన్ కిట్ జోలికి మాత్రం పోవద్దు. చీటీ లేకుండా అది అమ్మడం తప్పు, గర్భసంచి బయట, ట్యూబులో గర్భం ఉండి అది మింగితే ప్రాణాల మీదికి వస్తుంది.

అండం కోసం మందులు వాడి ఫాలిక్యులర్ స్కాన్లు చేయించుకున్నవాళ్ళు ఆ కాగితాలు పారేయకండి. అండం ఏ రోజు విడుదలైందో వాటిలోనే ఉంటుంది, మీ అసలు తేదీ అదే.

రక్తం కనబడితే

కొద్దిగా మరక కనబడినా ఎక్కువమందిలో గర్భం నిలుస్తుంది. డాక్టరుకి ఫోన్ చేసి స్కాన్ చేయించుకోండి. ఒకవైపే పొత్తికడుపు నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే అది ట్యూబులో గర్భం కావచ్చు, ఆగకుండా 108కి ఫోన్ చేయండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా అంతే. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే ఆ మాట మొదటే చెప్పండి, యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమైతే 72 గంటల్లోపు ఇవ్వాలి.

ప్రొజెస్టెరాన్ (సస్టెన్ లాంటివి) గర్భిణులందరికీ అవసరం లేదు. ఇంతకుముందు గర్భస్రావం అయి ఉండి ఇప్పుడు రక్తం కనబడుతున్నవాళ్ళలో కొంత మేలు చేస్తుందని 2019లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద ట్రయల్ చూపింది. అక్కడ 400 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు యోని ద్వారా, 16 వారాల దాకా వాడమంటారు. రోజూ పొట్టకి పొడిచే హెపారిన్ ఇంజెక్షన్లు (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి), ఎకోస్ప్రిన్ (ఆస్ప్రిన్) "ముందు జాగ్రత్తకి" అని రాస్తే, ఏ పరీక్ష చూసి రాశారో మర్యాదగా అడగండి. యాంటీ ఫాస్ఫోలిపిడ్ పరీక్షలు (రక్తం గడ్డకట్టే గుణం ఉందేమో చూసేవి) పాజిటివ్ వచ్చి, గర్భాలు పోయినవాళ్ళకి అవి నిజంగా పనికొస్తాయి. బీపీ ముప్పు ఉన్నవాళ్ళకి తక్కువ మోతాదు ఆస్ప్రిన్ 12 వారాల నుంచి ఇస్తారు, అదీ మంచిదే. అవేమీ లేకుండా ఇంజెక్షన్ల కోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టినవాళ్ళని చూశాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

పూర్తి పడక విశ్రాంతి గర్భస్రావాన్ని ఆపుతుందని రుజువు లేదు. కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో తిరగండి, తేలికపాటి పనులు చేసుకోండి.

షుగరు పరీక్ష, పళ్ళెం, వరద

పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి గర్భంలో షుగరు, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ ఒకసారి షుగరు పరీక్ష చేయించుకోవాలి. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి తాగిస్తారు, రెండు గంటలకి రక్తం తీస్తారు, 140 గాని అంతకు మించి గాని ఉంటే షుగరున్నట్టే. తాగిన అరగంటలోపు వాంతి అయితే చెప్పండి, మర్నాడు మళ్ళీ చేస్తారు. ప్రతి నెల 9న పీహెచ్‌సీల్లో, ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది. మీకు పీసీఓఎస్ ఉందని తల్లీబిడ్డల కార్డు మీద రాయించండి. బీపీ 140/90 చేరినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా ఆ రోజే వెళ్ళాలి.

తిండి విషయంలో మన కష్టం అన్నం. మూడు పూటలా తెల్లన్నం, పైన కొబ్బరి పచ్చడి, మామిడి రోజుల్లో బంగినపల్లి. అన్నం మానక్కర్లేదు. పళ్ళెంలో సగం కూర, ఆకుకూర, పావువంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావువంతు అన్నం. శీలావతి, బొచ్చె లాంటి చేపలు హాయిగా తినండి. సొరచేపలో పాదరసం ఎక్కువ, అది మాత్రం వద్దు. పూతరేకులు, కాజాలు శ్రీమంతానికి వస్తాయి, ఒకటి తిని మిగతావి పంచిపెట్టండి.

లంక గ్రామాల్లో ఉండేవాళ్ళు శ్రావణ భాద్రపదాల లెక్క ముందే వేసుకోండి. వరద వస్తే పంటు, పడవలు ఆపేస్తారు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. మీకు రక్తం కనబడుతున్నా, బీపీ ఉన్నా, ఎనిమిదో నెల దాటినా ఆ హెచ్చరిక రాగానే అమలాపురమో, పాలకొల్లో, రాజమండ్రో చుట్టాలింటికి వచ్చేయండి, రెండోది 13.75కి ఇచ్చేదాకా చూడొద్దు. నెలకి సరిపడా థైరాయిడ్, బీపీ, షుగరు మందులు, కార్డు, స్కాన్ రిపోర్టులు ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచుకోండి. ఇన్సులిన్ ఉంటే, కరెంటు పోయినప్పుడు మట్టికుండలో నీళ్ళు పోసి, దాని మీద ప్లేటులో సీసా పెట్టి తడిగుడ్డ కప్పితే కొన్నాళ్ళు కాపాడుకోవచ్చు. నీళ్ళలో ముంచొద్దు.

కాన్పు తరవాత

పాలిస్తున్నప్పుడు మెట్‌ఫార్మిన్, థైరాయిడ్ మాత్ర వాడవచ్చు. పక్కన పెట్టిన స్పైరోనోలాక్టోన్, మొటిమల మందు, బరువు మందు మళ్ళీ మొదలుపెట్టే ముందు పాలిస్తున్నానని చెప్పండి. థైరాయిడ్ మోతాదు తగ్గించాల్సి వస్తుంది, టీఎస్‌హెచ్ మళ్ళీ చూపించుకోండి. గర్భంలో షుగరు వచ్చినవాళ్ళు ఆరో వారంలో 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి, ఈసారి పరగడుపున. బాలింతలు ఎక్కువగా మానేసేది దీన్నే. బిడ్డకి ఆరో వారం టీకా ఎలాగూ ఉంటుంది. ఆ రోజే గ్లూకోజు పరీక్ష కూడా పెట్టించుకుని, అమ్మనో అత్తగారినో వెంట తీసుకెళ్ళండి. రెండు గంటలు కూర్చోవాలి, రక్తం ఇచ్చేటప్పుడు బిడ్డని ఎత్తుకోవడానికి ఒకరుండాలి.